ఎడమచేతి ముడి

మాల్డన్ రేవులో పాటుకి నీళ్ళు తీసేశాక
చూడి గేదెలా బురదలో ఒరిగి ఉంటుంది ప్రూడెన్స్ ఆన్.
ఫిబ్రవరి ఆదివారం. చలి గోళ్ళ సందుల్లోకి దిగుతుంటే
తారు వాసన ఒక్కటే వెచ్చగా ఉంది.

వారమంతా నేను కళ్ళజోళ్ళ కొట్లో
జనం చేత అక్షరాలు చదివిస్తాను,
చిన్నవి, ఇంకా చిన్నవి.
ఇక్కడ నాకే అక్షరాభ్యాసం.

విల్ఫ్ కార్డ్‌నెల్ చెప్పడు. చేతికిస్తాడు.
అరచేతంత కొయ్య బిళ్ళ,
అంచు చుట్టూ గాడి, మధ్యలో మూడు తొర్రలు,
నీళ్ళలో వేస్తే మునిగిపోయే చెక్క.
దీన్ని వీళ్ళు చచ్చిన కన్ను అంటారు.
నాకైతే పీచు వొలిచిన కొబ్బరికాయ,
రాతి మీద కొట్టబోయే ముందు
మూడు కళ్ళతో మననే చూస్తుందే, అదీ.

పైనొకటి, కిందొకటి, ఎదురెదురుగా.
పైదాని మెడకు తెరచాప కొయ్య మీంచి దిగిన మోకు.
కిందిదాని నడుముకు పడవ పక్కకి కొట్టిన ఇనప పట్టీ.
నడుమ సన్నతాడు, ఆరు వరసలుగా
ఈ కంట్లోంచి ఆ కంట్లోకి
ఎక్కుతూ దిగుతూ.
కొవ్వు రాయకపోతే రాత్రంతా కిర్రుమంటుంది.
గాలి ఒక పక్కనించి తోసినప్పుడు
ఆ కొయ్య విరగకుండా నిలిచేది
ఈ రెండూ ఒకదాన్నొకటి వదలకుండా చూసుకోబట్టే.

తక్కినవాటికి నా పేర్లు నేనే పెట్టుకున్నాను.
గిలక, నూతి మీదిదే, కాకపోతే గాలిని తోడుతుంది.
చీలలు, కటకటాకి వరసగా దిగేసినవి,
ఒక్కోదానికి ఎనిమిది అంకెలా చుట్టిన తాడు;
చీకట్లో చీల ఊడలాగితే చాలు,
చుట్టంతా జారి తెరచాప దిగిపోతుంది.
తాటి కొస వంపులో ఇమిడిన ఇనప గాజు,
రాపిడంతా తాను తిని తాడుని బతకనిస్తుంది.
ఇంకొకటుంది. ఒంటిపేటను తన చుట్టూ తననే
మూడుసార్లు తిప్పి, మొదలూ చివరా
మాయం చేసిన చుట్ట.
దాన్ని చూసి "కుదురు!" అన్నాను, పైకే.

ఏమిటది, అన్నాడు.
కుండ కింద పెట్టేది, దొర్లకుండా.
మనుషులకీ ఉండాలంటారు మావాళ్ళు.
నవ్వలేదు. పెట్టె గాలించి ఒకటి తీసి
తన టీ కప్పు కింద పెట్టుకున్నాడు.

ఆరు జతలకీ సన్నతాళ్ళు మార్చాలి.
కుడి పక్క మూడూ అయ్యాయి, ఎడమ పక్క రెండు.
మొదటి ముడి ఏ కంటి వెనక పడాలో
ఇప్పుడు నా వేళ్ళకే తెలుసు.
మూడోది విప్పబోయి ఆగాను.
ముడి అవతలి కంట్లో ఉంది.
ఎక్కాల్సిన చోట దిగి, దిగాల్సిన చోట ఎక్కి,
అద్దంలో చూసినట్టు మొత్తం తిరగబడి.

"తప్పు కట్టారు," అన్నాను.
"హెట్టీ," అన్నాడు.
చాలాసేపటికి ఇంకో మాట: "ఎడంచెయ్యి."

అక్క. బడి మానిపించిన పద్నాలుగో ఏటినించీ
తండ్రితో ఈ పడవ మీదే.
బడిలో బెత్తంతో కొట్టి కుడిచేత్తో రాయించారట.
తాడు దగ్గర ఎవరూ కొట్టలేదు.
పడవ లెక్కల పుస్తకంలో ఆమె పేరు లేదు.

ఇది ఆమె కట్టింది కాదు.
ఆమె కట్టింది అరవై ఏళ్ళ కిందే పురి వదిలేసింది.
దాన్ని చూసి ఇతను కట్టాడు. అది పోతే
మళ్ళీ అలాగే, మళ్ళీ అలాగే,
కుడిచేతివాటం మనిషి, ప్రతిసారీ తడబడుతూ.

ఇప్పుడతని వేళ్ళు ముడుచుకోవు.
కొత్త తాడు నా ఒళ్ళో పడేసి
మెడ తిప్పి నీళ్ళ వైపు చూస్తున్నాడు.
పోటు మొదలైంది, బురద చాళ్ళలో సన్నగా.

తనిఖీకి వచ్చేవాడు అడుగుతాడు. అడగనీ.
నా ఎడంచేతికి ముళ్ళు రావు.
మూడుసార్లు జారింది.
నాలుగోసారి కొవ్వు రాసి, పంటితో బిగించి,
అవతలి కంట్లోంచి లాగాను.

పడవ కింద బురద చప్పరించి వదిలింది.
కుదురు మీద టీ తొణకలేదు.