తొక్కలు

గూడూరు నిమ్మకాయల మార్కెట్లో
తెల్లారకముందే గోతాలు కుమ్మరిస్తారు.
పచ్చవి ఒక పక్క, పండువి ఒక పక్క,
మచ్చపడినవి వెనక్కి.
పన్నెండేళ్లుగా నా చేతులకు వచ్చిన లెక్క ఇంతే.

ధర ఎక్కిన ఎండాకాలం
ఇంటికి పోయేటప్పుడు కొంగు దులిపి చూస్తారు.
పడిపోయిన వానాకాలం
ట్రాక్టరుతో తెచ్చి రోడ్డు పక్కన పోస్తారు.
ఈ రెంటికీ మధ్యన నాకు నమ్మకమైంది
రైలు గేటు కాడ కాలేషా సోడా బండి.
పిండేసిన చెక్కలు డబ్బాలో ఎత్తిపెట్టి
"తీసకపోక్కా, పందులు గూడా మూతి పెట్టవు" అంటాడు.

పందులు మూతి పెట్టని వాటికి
మా ఇంట్లో మర్యాద ఎక్కువ.

మా అత్త వెంగమ్మకు చూపు సగమే,
ముక్కు మాత్రం నిండుగా ఉండాది.
సంచి గడప దాటకముందే
"ఇయ్యాల దబ్బకాయ తొక్క గూడా కలిసిందే?" అంటాది.
తడిమి తడిమి మెత్తనివి ఏరి
ఉప్పేసి జాడీలో కుక్కుతాది.
నెల తిరిగేసరికి చేదు సగం చస్తాది.
ఆ మిగిలిన సగం లేకపోతే
సద్దన్నం దిగదంటాది.

మిగతావి రేకుల మీద ఆరబోస్తా.
కాకి ఒకసారి పొడిచి చూసి
నన్నే తిట్టి పోతాది.
ఎండినవి దంచి పెసరపిండిలో కలిపితే
మా కుసుమ మొహానికి పూసుకోని
ఆరేదాకా నవ్వదు, పలకదు.
ఆ అరగంట ఇంట్లో ఎంత నిమ్మళమో!

ఆదివారం బొమ్మిడాయిలు కడిగితే
వేళ్ల సందుల్లో నీసు ఏ సబ్బు మాటా వినదు.
ఒక చెక్క తీసి రుద్దితే
చెప్పకుండా లేచిపోయిన చుట్టం లాగా పోతాది.

"తొక్కలో బతుకు" అంటాడు మా ఆయన పెంచలయ్య,
ఆటోకి బాడుగ దొరకని రోజు.
తొక్కలోనే గదయ్యా వాసనంతా,
అంటా నేను, బిందె తోముతా.

బిందె అంటే మా అత్త పుట్టింటి ఇత్తడిది.
చిలుం పట్టి నల్లగా, అటక మీద ఎలకలకు కాపురం.
చింతపండు కొనే పని లేకుండా
చెక్కను ఉప్పులో అద్ది, అద్ది, రుద్ది,
మూడో పూటకి మెడ కింద
అక్షరాలు బైటపడినాయి.
అత్త బొటనవేలు పెట్టి గీత గీతా తడిమింది.
"చిల్లకూరు పాపమ్మ చదివింపులు."
చేతికి తగలంగానే గొంతు మారిపోయింది:
"మా మేనత్తే!
నా పెళ్లికి మూడు మేకలమ్మి కొనింది..."
ఆ రాత్రి మేకల పేర్లు గూడా చెప్పింది.

తర్వాతి వారమే
రేషను షాపులో నా వేలు పడలేదు.
తుడిచి పెట్టినా, కొంగుకు రుద్ది పెట్టినా,
ఎడమది పెట్టినా, కుడిది పెట్టినా
మిషను ఎర్రగా గుడ్లురిమింది.
నా వెనక క్యూ గొణుగుతా ఉండాది.
వేలు వెలుతురుకు ఎత్తి చూసుకున్నా.
నున్నగా, మెరస్తా,
ఏ పేరూ లేదు దాని మీద.

డీలరు జాలిపడినాడు.
"ఏం లేదుమా, జిడ్డుండాది.
ఇంటికి పోయి నిమ్మకాయతో బాగా రుద్దుకోని రా,
పడుద్ది."

నవ్వు ఆగలేదు నాకు.
క్యూలో వాళ్లు
మనిషికేమో అయిందని కొంచెం జరిగినారు.

మర్నాడు అత్తను ఆటోలో ఎక్కించుకోని పోయినా.
వంగి, వణుకుతా, మిషను యాడుందో తెలవక
ముందు డీలరు చెయ్యి మీద పెట్టింది వేలు.
ఆనక మిషను మీద పెట్టింది,
ఒక్క దెబ్బకి పచ్చదీపం!

బియ్యం సంచి నా నెత్తి మీద.
ఆటో దిగినాక మా సందు పొడుగునా అత్త
ఆ బొటనవేలు పైకి ఎత్తి పట్టుకోనే నడిచింది.
దేనికీ తగలనియ్యలేదు.
ఇంటికొచ్చినాక జాడీ మూత గూడా
నన్నే తియ్యమనింది.

సాయంత్రం గేటు కాడ
కాలేషా డబ్బా నిండి ఉండాది.