అంచు

కాళేశ్వరరావు మార్కెట్ వెనక సందులో
రంగుల కొట్టు షట్టరు సగమే లేచింది.
"టేపు కావాలి" అన్నాను.
"ఏ టేపు?" అన్నాడు కుర్రాడు, నోట్లో బ్రష్షు తియ్యకుండానే.

ముప్పై రెండేళ్ళ పనిలో
ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

లారీల వెనక నెమళ్ళు, సోడాబండ్ల మీద తామరలు,
కిరాణా కొట్లలో "అప్పు రేపు",
అన్నిటికీ అంచు నా చెయ్యే.
ఉడత వెంట్రుకల కుంచె, బిగబట్టిన ఊపిరి,
అంతే సరంజామా.
ఫ్లెక్సీ వచ్చి అక్షరాలన్నీ ఊడ్చుకుపోయాక
ఏటి ఒడ్డుకొచ్చి పడవల మీద పడ్డాను.

కుర్రాడు మూడు చుట్టలు బల్ల మీద దొర్లించాడు.
తెల్లది పాతిక.
నీలంది నూట నలభై.
మూడోది పచ్చది, చిటికెన గోరంత సన్నం,
దాని ధర చెప్పే ముందు గొంతు సవరించుకున్నాడు.

తెల్లదాని సంగతి నాకు తెలుసు.
పోయిన రోహిణి కార్తెలో నాంచారయ్య పడవకి అదే వేశాను.
పొద్దున అంటించి, అన్నం తినొచ్చి లాగితే
కాగితం చేతికొచ్చింది, బంక చెక్కనే ఉండిపోయింది.
పున్నమి ఘాట్ ఎండ దాన్ని పాకం పట్టింది.
కిరసనాయిలు గుడ్డతో రెండ్రోజులు రుద్దాను.
వార్నిషు మీద మచ్చ
అట్ల పెనం అడుగులా మిగిలింది.
నాంచారయ్య ఒక్క మాట అనలేదు.
డబ్బులిచ్చేటప్పుడు నా మొహం బదులు
ఆ మచ్చ వంక చూశాడు.

నీలంది నిజాయితీ గలది, నాలుగు ఎండలకి ఆగుతుంది.
కాని వంగడం రాదు.
పడవ ముక్కు దగ్గర మలుపులో ముడత పడుతుంది,
ముడతలోకి రంగు దూరుతుంది, కన్నం దొరికిన ఎలకలాగా.

"పచ్చది ఇవ్వు, గీతకి. నీలంది కూడా, దాని వెనక కాపలాకి."
"ఇల్లా, బండా, తాతా?"
"పడవ."
"నీళ్ళలోకేగా పోయేది, దానికింత అంచెందుకు?"

చెప్పలేదు. చెబితే చెయ్యి చూపించాలి.
కుడిచెయ్యి జేబులోనే ఉంచి
ఎడంచేత్తో నోట్లిచ్చాను.
బోణీ బేరం.
కుర్రాడు మొహం ముడుచుకుని, నోట్లు కళ్ళకద్దుకోకుండానే
గల్లాలో పడేశాడు.

సామ్రాజ్యం పడవ లంక మీంచి కూరగాయలు తెస్తుంది.
పైన టేకు చెక్క మెరవాలంది, కింద పసుపు పట్టీ కావాలంది.
వార్నిషు ఆరి మూడ్రోజులైంది.
టేపు లాగి అంటిస్తే మాపటికి కుంచించుకుంటుంది.
ఊరికే పరవాలి, పూతరేకు మడిచినట్టు.
జానెడు జానెడుగా గోటితో అంచు నొక్కాలి.
ముందు ఆ అంచు మీదే పల్చగా ఒక వార్నిషు చెయ్యి,
సందులేమన్నా ఉంటే అది తాగేస్తుంది.
తర్వాతే పసుపు.

ఇక తీసే వేళ.
పూర్తిగా ఆరాక లాగితే పెచ్చులు లేస్తాయి, ముందే లాగితే కారుతుంది.
వేలు పెడితే జిగురు తెలియాలి, మరక రాకూడదు.
బ్యారేజీ మీద దీపాలు వెలిగేసరికి కుదిరింది.
టేపుని దాని మీదికే మడిచి, మెల్లగా, చాలా మెల్లగా లాగాను.
లాగినంత మేరా చెయ్యి వణుకుతూనే ఉంది.
గీతకి ఆ సంగతి తెలియదు.

సామ్రాజ్యం వంగి చూసి, చీర కుచ్చిళ్ళు దోపుకుని,
"పేరు కూడా రాసెయ్, గంగానమ్మ" అంది.

గ గుండ్రం. మ ఇంకా గుండ్రం.
దాని కింద వత్తు.
తెలుగు అక్షరం చుట్టూ తిరిగే టేపు
ఆ కొట్లో ఏ అరలోనూ లేదు.

రాశాను.
రెండో గ దగ్గర కుంచె పక్కకి పోయింది,
వత్తు దగ్గర మళ్ళీ.
తుడుస్తానని గుడ్డ తీస్తే ఆపింది.
"ఉండనీ. ఎటూ ఊగేదేగా."

ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే
మోచేతికి అంటుకుని జానెడు పచ్చ ముక్క, ఒక పక్కంతా పసుపు.
"ఇదెంతైంది?" అంది మా ఆవిడ.
పాతిక అన్నాను.