కొసరు

యాకిమాలో ఏప్రిల్. ఆపిల్ పూత మీద మంచు పడే రాత్రి.
బేరం కుదిరేలా ఉందని రేడియో అంటోంది.

గోడకి ఇంత. కాపలాకి ఇంత.
ఇక పిల్లలకి
(పిల్లలనే అంటున్నారు, నాకు ఇరవై ఆరు నిండాయి)
పన్నెండేళ్లు తల వంచుకుని బతికితే
ఆ తర్వాత చూస్తారట.

మొన్న, పద్దెనిమిదేళ్లలోపు వచ్చినవాళ్లందరూ అన్నారు.
నిన్న మధ్యాహ్నానికి పదిహేడు.
రాత్రి భోజనాలయ్యాక పదహారు.
బేరమాడితే వయసు కూడా దిగుతుందని
నాకు ఇన్నాళ్లూ తెలీదు.

మా అన్న ఎవరార్దో
ఎడారి దాటిన నాటికి
పదహారేళ్ల పంతొమ్మిది రోజులవాడు.
ఆ పంతొమ్మిది రోజులూ ఏం చేశాడో అమ్మకి గుర్తే.
ఇటుకలు మోశాడు, నాకు బూట్లు కొనడానికి.
కొన్నవి ఒక సైజు పెద్దవి.
ఎడారిలో అవి నేల తాకనేలేదు,
అన్న నడుముకి అటొకటీ ఇటొకటీ వేలాడుతూ వచ్చాయి
నా కాళ్లతో సహా.

నేను అర్హురాలిని.
నన్ను మోసిన వీపు కాదు.

లైబ్రరీ వెనక గదిలో
లాయరమ్మ వారానికోసారి ఉచితంగా కూర్చుంటుంది.
ఇక్కడే ఉన్నావని రుజువేదీ అంటుంది.
ఆపిల్ పెట్టెలో దాచినవన్నీ కుమ్మరించాను.
టీకాల కార్డు, మూడో తరగతి మార్కులు,
పళ్ల డాక్టరు ఇచ్చిన చీటీ,
తిమింగలాల పుస్తకం ఆలస్యంగా తిరిగిచ్చినందుకు
నలభై సెంట్ల జరిమానా రసీదు.
ఇది బావుంది, అంది ఆమె, తేదీ స్పష్టంగా ఉంది.
ఆ రోజు ఎంత ఏడ్చానో!
తప్పు చేశాను, ఇక పంపేస్తారు అని.

టీవీలో నీలం టై ఆయన మంచివాడే, మా వైపే.
గొంతు పూడుకుపోగా అన్నాడు:
"ఈ పిల్లలు తమ తప్పేమీ లేకుండా వచ్చారు."
వంటింట్లో అమ్మ
అప్పటికే తోమిన పెనాన్నే మళ్లీ తోముతోంది.
తమ తప్పు కాకపోతే
మరి ఎవరిదో ఆయన చెప్పలేదు.
చెప్పనక్కర్లేదు. మా ఇల్లు చిన్నది,
వెతికినా ఇంకొకరు దొరకరు.

ఆ రాత్రి చేర్చిన షరతు ఇది:
కాగితాలొచ్చిన పిల్లలు
తల్లిదండ్రుల కోసం ఎన్నటికీ అర్జీ పెట్టుకోకూడదు.
సంతలో బుట్టడు కొన్నవాడు
చివర్లో పిడికెడు కొసరు అడుగుతాడు కదా.
మా అమ్మ ఒఫేలియా ఆ పిడికెడు.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి
"సంతకం పెట్టమంటే పెట్టెయ్ సిత్లాలీ" అంది.
ఎవరూ ఇంకా పెట్టమనలేదమ్మా అన్నాను.
"పెట్టమన్నప్పుడు నా మొహం చూడకు, అంతే."

ఇక్కడే పుట్టిన చెల్లి బ్రీసాకి
రేపటికి స్కూలు పని.
చట్టం ఎలా తయారవుతుందో అట్ట మీద గీయాలి.
బాణాలన్నీ ఆకుపచ్చగా గీసింది,
అన్నీ పైకే.
"మధ్యలో ఆగిపోతే ఏ రంగు వెయ్యాలి?"
ఎవరార్దో కాసేపు ఆలోచించాడు.
"పెన్సిల్‌తో గియ్యి" అన్నాడు.

పదకొండు దాటాక ఓట్లు లెక్కపెట్టారు.
నాలుగు తగ్గాయి.
మరీ ఎక్కువిచ్చామని కొందరు,
మరీ తక్కువని కొందరు.
నీలం టై ఆయన నిజంగానే కుంగిపోయాడు.
సెలవుల తర్వాత మళ్లీ ప్రయత్నిస్తారట.

ఒప్పుకోవాల్సిన పని తప్పిందని
నా లోపల ఏదో ఊపిరి పీల్చుకుంది.
ఈ మాట ఎవరితోనూ అనలేదు.
లాయరమ్మతో అసలే అనను.

రెండింటికి ఫోరమన్ ఫోన్ చేశాడు,
చలి ఇంకా దిగుతోంది, తోటలో పంకాలు తిప్పాలి,
తెల్లారేదాకా పూతని కాయాలి.
ఎవరార్దో కోటు తొడుక్కున్నాడు.
ట్రక్కు అద్దం నిండా గడ్డకట్టిన మంచు.
గోకడానికి ఏమైనా ఉందా అన్నాడు.
గడువు తీరిన నా పర్మిట్ కార్డు ఇచ్చాను.

కిటికీలోంచి చూస్తున్నాను.
కార్డు మీద నా పంతొమ్మిదేళ్ల మొహం,
అన్న వేళ్ల మధ్య,
బరబరమని
అటూ ఇటూ.