రాయవేలూరు గీత

నా బొడ్డు పక్కన ఒక గీత ఉంది.
మూడేళ్ళప్పుడు రాయవేలూరులో పెట్టినారు.
అప్పుడది చిటికెన వేలంతే, అనేది మా అమ్మ.
నేను బడికి పోతే నాతో వచ్చింది,
పెద్దమనిషినైతే సాగింది,
ఇద్దరు బిడ్డల్ని మోసినప్పుడు వెడల్పయింది.
మచ్చ కూడా ఎదుగుతుందని
నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు నా చేతిలో రసీదు పుస్తకం.
చిత్తూరు పిల్లల ఆసుపత్రికి మిషన్ కొనాల.
పెన్ను రీఫిలంత సన్నం గొట్టం,
దాని కొసన ఒక కన్ను,
పసిబిడ్డ కడుపులోకి దూరి
దీపం పట్టుకుని వెతుకుతుందంట.

ధర చెబితే
బెల్లం మండి కోదండం నాయుడు
చేతిలో తూకం రాయి కింద పెట్టేసినాడు.
"ఇంత సన్నదానికి అంత రేటా తల్లీ?
కిలో లెక్కన చూస్తే బంగారం నయం కదా!"
సన్నంగా చేసేదానికే ఖర్చు నాయనా,
కత్తయితే చవకే, అన్నాను.
చెక్కు రాస్తా అడిగినాడు,
రాతిమీద పేరు ఎంత పొడుగు చెక్కిస్తారని.
మిషన్ కన్నా పొడుగే అన్నాను.
నవ్వలేదు.
చెక్కు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

కట్టమంచిలో ఒక లాయరు
తలుపు తీయకుండానే కిటికీలోంచి,
"రాయవేలూరు ఎంత దూరమని?
అర్ధగంటకొక బస్సుంది కదా."
ఆ బస్సులోనే మా నాయన
నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని
కుదుపు కుదుపుకీ
నా కడుపు మీద అరచెయ్యి అడ్డం పెట్టినాడు.
ఎంత దూరమో ఆయన్ని అడగాల.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ
రాత్రి షిఫ్టు దిగిన ఆడోళ్ళు.
మోచేతుల దాకా పసుపు,
వేళ్ళ సందుల్లో సొన కాల్చిన పుండ్లు.
రెడ్డెమ్మ కొంగుముడి విప్పి యాభై ఇచ్చింది.
నోటంతా తోతాపురి వాసన.
"రసీదొద్దుక్కా, ఇంట్లో చూస్తే కొట్లాట."
రాయకపోతే నా లెక్క తప్పుతుంది,
రాస్తే ఆమె కాపురం.
పేరు కాడ 'ఒక చెల్లెలు' అని రాసి
ఆ చీటీ నా సంచిలోనే వేసుకున్నాను.

రెండు మామిడి కాపులు అయిపోయినాయి.
అయినా నిండలేదు,
తక్కువైంది అప్పు తెచ్చినారు.
మిషనొచ్చిన రోజు హమాలీలు
పెట్టెను గుడ్ల బుట్ట మాదిరి దించినారు,
ఎవరూ చెప్పకుండానే.

మొదటి బిడ్డ బంగారుపాళ్యం నుంచి.
పదకొండు నెలలు.
తెల్లారి వాళ్ళమ్మ కస్తూరి
చొక్కా ఎత్తి చూసి గొంతు లేపింది.
"మూడు చుక్కలుండాయి, అంతే!
కోసినారా లేదా?
నా కాడ డబ్బుల్లేవని
ఊరికే నిద్రబుచ్చి పంపిస్తా ఉండారా?"
డాక్టరమ్మ చెప్పింది, నర్సు చెప్పింది.
నమ్మలేదు.
నన్ను పిలిచినారు.

తలుపు దగ్గరగా వేసి
కొంగు పక్కకు తీసినాను.
నా మొగుడు తప్ప ఎవరూ చూడని గీత.
కస్తూరి చాలాసేపు చూసింది,
పైనుంచి కిందికి వేలితో కొలిచింది.
మళ్ళీ పోయి బిడ్డ కడుపు మీది
మూడు ఆవగింజల్నీ లెక్కబెట్టింది,
ఎక్కడన్నా నాలుగోది ఉందేమోనని
వీపు కూడా తిప్పి చూసింది.

"ఇవి గూడా పెరుగుతాయా అక్కా?"
పెరుగుతాయి.
"ఎంత?"
సంచిలో చెయ్యిపెడితే
పసుపు మరకల చీటీ దొరికింది.
దాని వెనక పెన్నుతో
ఒక చుక్క పెట్టి చూపించినాను.