దించని చెయ్యి

ట్రియెస్తెలో ఆ ఏప్రిల్ నెలంతా
మెట్లు బ్లీచింగ్ వాసన కొట్టేవి.
పూటకోసారి కడిగేవారు జనం,
రోగం కాళ్ళతో నడిచి పైకొస్తుందన్నట్టు.
ఆ తడి మీదే జారింది నీవెస్ ఫుర్లాన్.
అరవై మూడేళ్ళు. తెరచాపలు కుట్టే మనిషి.
కుడి మణికట్టు దగ్గర ఎముక
చర్మం చీల్చుకుని బయటికి చూస్తోంది.

ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష
రేపటికి గాని తేలదు.
ఎముక రేపటిదాకా ఆగదు.
కాబట్టి ఉందనుకునే మొదలుపెట్టాలి.

పూర్తిగా మత్తిస్తే గొంతులో గొట్టం వేయాలి.
గొట్టం వేస్తే దగ్గు.
దగ్గితే ఆ గదిలో గాలంతా అనుమానమే.
పైగా ఊపిరి పోసే యంత్రాలన్నీ కింది అంతస్తులో,
మేం చేతులెత్తేసిన చోట,
ఎవరెవరికో తగిలించి ఉన్నాయి.

అందుకని మనిషిని మేలుకోనిచ్చి
చేతిని మాత్రం నిద్రపుచ్చాను.
చెయ్యి పైకెత్తించి, చంకలోకి సన్నటి సూది.
తెర మీద బూడిదరంగు ముసురులో
నరాలు తేనెపట్టు ముక్కల్లా కనిపించాయి.
ఒక్కోదాని చుట్టూ మందు వదిలాను,
నారు మొక్కకి నీళ్ళు పోసినంత మెల్లిగా.

మామూలుగా ఎనిమిది మంది ఉండే గదిలో నలుగురం.
ముఖాలు లేవు గనక
ప్లాస్టిక్ గౌన్ల మీద మార్కరుతో పేర్లు రాసుకున్నాం.
నాది ఇలారియా.
చివరి అక్షరం అప్పటికే చెమటకి కారిపోయింది.

"చెయ్యి దించనా?" అంది నీవెస్ మాస్కు వెనక నుంచి.
"ఎత్తి చాలాసేపైంది."

ఎప్పుడో దించేశాం.
గోధుమరంగు మందు పూసుకుని
పచ్చగుడ్డల మధ్య బల్ల మీద పడుకుని ఉంది,
ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులా.
ఆవిడ లెక్కలో మాత్రం ఇంకా గాల్లోనే,
నేను సూది గుచ్చినప్పుడు ఉన్న చోటే,
బడిలో జవాబు తెలిసిన పిల్ల చెయ్యిలా.

"కాసేపు అలాగే ఉంచండి" అన్నాను.
ఎందుకన్నానో.

కరెంటు డ్రిల్లు రక్తాన్ని తుంపర చేస్తుందని
దారియో చేతి బరమా అందుకున్నాడు.
వాళ్ళ తాత పడవల వడ్రంగట.
తిప్పుతాడు, ఆగుతాడు,
కళ్ళద్దాల మీద ఆవిరి పోయేదాకా
ఊపిరి బిగబట్టి నిలబడతాడు, మళ్ళీ తిప్పుతాడు.
బరమా మొన పక్కనే పీల్చే గొట్టం పట్టుకుని నర్సు.
రక్తనాళాల్ని కాల్చలేదు, పొగ కూడా గాలే కదా.
బొటనవేలితో నొక్కి
అంకెలు లెక్కపెట్టాం.

"ఎక్కడో తొలుస్తున్నారు" అంది నీవెస్. "భుజానికి తెలుస్తోంది."
"దగ్గర్లోనే" అన్నాను.

పలక కూర్చుంది. ఏడు స్క్రూలు.
కుట్లు వేస్తుంటే అడిగింది, ఏం దారమని.
"కరిగేది. విప్పించుకోడానికి
మళ్ళీ ఈ ఆసుపత్రికి రానక్కర్లేదు."
చాలాసేపు పైకప్పు చూసింది.
"నేనలాంటి దారం వాడుంటే
ఎన్ని పడవలు మునిగేవో."
దారియో నవ్వాడు గాబోలు. కళ్ళద్దాలు మళ్ళీ మసకబారాయి.

ఆవిడ్ని తీసుకెళ్ళాక తలుపు మూసి
గదిలో గాలి మారేదాకా ఇరవై నిమిషాలు.
గౌను వేసుకోవడం కన్నా విప్పడం కష్టం:
ముందు పై తొడుగు, తర్వాత ముడి,
లోపలివైపు బయటికి చుట్టి.
ఒక్కో మెట్టుకీ చేతులు కడుక్కుంటూ
నాకూ ఆ భుజం దగ్గర ఏదో
ఎత్తి పెట్టినట్టే అనిపించింది.

మర్నాడు పొద్దున్న ఫోన్ చేశాను.
"రాత్రి రెండింటికి దిగింది చెయ్యి" అంది,
ఊరెళ్ళిన మనిషి బస్సు దిగినట్టు.
పరీక్ష కాగితం నా ముందే ఉంది.
"నొప్పి ఉందా?" అని అడిగాను ముందు.
"బోలెడంత" అంది.
ఎంత సంతోషంగా అందో.