తొంభైతొమ్మిది లింకులు

నాలుగో నోట్‌బుక్కు ఎనభయ్యో పేజీలో
దాలినాయుడు ఇంకా చేను గట్టు మీదే నిలబడి ఉన్నాడు.
వారం నుంచి అలాగే.
నేను పోస్టాఫీసుకి పోయి, పాసుబుక్కుల మీద ముద్రలు కొట్టి,
గుణుపురం సంతలో వెదురుకొమ్ములు బేరమాడి
తిరిగొచ్చేసరికి
అదే ఎండ, చేతిలో అదే గొలుసు.
కూర్చోమని కూడా రాయలేకపోయాను.

మా ముత్తాత. సర్వే గొలుసు మోసిన కూలీ.
దొర చూపించిన దిక్కుకల్లా
ఇటు ఒడిశా, అటు మద్రాసు అని
రాళ్ళు పాతుకుంటూ పోయిన మనిషి.
రాయి ఎటు పడితే తన గుడిసె అటు అని
అతనికి తెలుసా?
అది అడగడానికే ఈ నవల.

వంశధార మా కిటికీలోంచి కనపడదు,
వానరాత్రి వినపడుతుంది.
ఏటి పేరులోనే వంశం ఉందని
ఊరికే మురిసిపోకండి,
ఏడాదిలో ఎనిమిది నెలలు అది ఇసకే.

నా పిల్లని ముప్పయ్యయిదుకి పంపాలి, ఎలా?
మొదట చిన్నరైలు ఎక్కించాను.
నౌపడాలో బయల్దేరి, పర్లాకిమిడి దాటాక
బొగ్గుపొగలో కాలం మారిపోతుందన్నమాట.
చదువుకుంటే నాకే నవ్వొచ్చింది.
వేళకి ఊరు చేరడమే గగనం ఆ బండికి,
కాలం దాటుతుందా!

విశాఖ నుంచి ప్రచురణకర్త ఫోను:
"యంత్రం ఏదండీ? చదివేవాడికి ఓ యంత్రం కావాలి."

యంత్రం మా అటక మీద ఉంది.
గోనెసంచిలో, తుప్పు పట్టి,
వంద లింకులుండాల్సిన గొలుసు.
లెక్కపెట్టాను. తొంభైతొమ్మిది.
మళ్ళీ లెక్కపెట్టాను. వేళ్ళు ఎర్రబడ్డాయి గానీ
అంకె కదల్లేదు.
లింకుకో ఏడాది తడుముకుంటూ వెనక్కి నడిచి
తొంభయ్యో లింకు దగ్గర ఆగింది నా పిల్ల.
ఎదురుగా, ఎండలో, ఆయన.

పోయిన లింకు సంగతి నాకు తెలీదు.
తెలిస్తే నవల ఎందుకు, దస్తావేజు రాసుకుందును.
మంగళవారం రాత్రి కరెంటు పోయింది,
ఫోను వెలుగులో రాసేశాను:
అసిరమ్మకి ఉయ్యాల కొక్కెం విరిగింది.
పసిగుడ్డు గుక్కపట్టింది. మొగుడు ఒళ్ళెరగని నిద్ర.
గొలుసు కొసన ఒక లింకు విప్పి
దూలానికి బిగించింది.
తెల్లారి నుంచి పాతిన ప్రతి రాయీ
పడాల్సిన చోటుకి ఇవతలే పడింది.
బిడ్డ నిద్రపోయింది,
ఒక రాష్ట్రం కాస్త ఒత్తిగిలింది.
అంతే రాసి, చల్లారిన టీ తాగి పడుకున్నాను.

మా ఇతిశ్రీకి తెలుగు నోటికొచ్చు, చేతికి రాదు.
బళ్ళో ఒడియా.
అందుకే ఆదివారాలు నేను చదివి వినిపిస్తాను,
నచ్చిన మాటల్ని అది ఒడియా అక్షరాల్లో దించుకుంటుంది.
ప్రతి అక్షరమూ నెత్తిన గొడుగేసుకున్నట్టుంటుంది.
దాలినాయుడు మొదటిసారి నీడపట్టున నిలబడ్డాడు,
నా రాతలో కాదు,
నా కూతురి రాతలో.

మొన్న ఉయ్యాల అధ్యాయం చదువుతుంటే
చింతపండు పిక్కలు తీస్తున్న మా మేనత్త దమయంతి,
ఎనభయ్యొకటి నిండాయి,
తలెత్తకుండానే అంది:
"ఆ కొక్కేనికేటి! నన్నూ దానికే ఏలాడగట్టి ఊపినారు.
మా మామ్మ సెప్పేది."

పెన్ను మూత కోసం వెతుక్కున్నాను.
అది నేను పుట్టించి ఇంకా అయిదు రోజులు కాలేదు.

"నిజమా అత్తా?"

"అబద్దమాడతానేటే? నూనె ఎయ్యకపోతే
కిర్రు... కిర్రుమనేది."

కిర్రుమనడం నేను రాయలేదు.
ఇప్పుడు రాయాలో, ఆ పేజీ మొత్తం కొట్టేయాలో
తెలీక నోట్‌బుక్కు మూశాను.

ఇతిశ్రీ అప్పటికే రాసేసుకుంది
ఆ కిర్రుని,
గొడుగు కింద.