పదకొండు సెకన్లు

నా ఉద్యోగం దీపాలు.
పచ్చది వేస్తే మాట్లాడాలి,
పసుపు వెలిగితే ముప్ఫై సెకన్లే మిగిలినట్టు,
ఎర్రది నొక్కానంటే
నోట్లో మాట నోట్లోనే ఉండాలి.
శాసనసభ మూడో అంతస్తు, 318వ గది.
పంతొమ్మిదేళ్లుగా ఇదే కుర్చీ, ఇవే మూడు మీటలు.

కిటికీ కింద మిస్సోరీ నది గడ్డకట్టి ఉంది.
బూట్ల మీది మంచు దులుపుకుంటూ
తెల్లారకముందే జనం వరస కట్టారు.
తుపాకుల బిల్లంటే చాలు, ప్రతి ఫిబ్రవరిలోనూ
పది గంటలకల్లా కాఫీ యంత్రం చేతులెత్తేస్తుంది.
బిల్లు నంబరు మారుతుంది. వయసు పద్దెనిమిదా ఇరవై ఒకటా,
కొన్నాక మూడు రోజులు ఆగాలా ఏడు రోజులా,
బీరువాకి తాళం ఉండాలా వద్దా,
కామాలు అటూ ఇటూ జరుగుతాయి.
గోడ గడియారం మాత్రం నిరుటిదే,
నాలుగు నిమిషాలు వెనక.

ముందు గార్ల్యాండ్ ప్రూయిట్ వచ్చాడు, జింకల వేటగాడు.
"మా ఇంటికి షెరీఫ్ రావాలంటే నలభై నిమిషాలు" అన్నాడు.
అబద్ధం కాదు. నేనూ ఆ దారిలోనే ఉంటాను.
మా ఆయన పోయి ఆరేళ్లయినా ఆయన రైఫిల్
ఇంకా నా అల్మరాలోనే, చలికోట్ల వెనక.
తాళం లేదు.
ఆ సంగతి ఇక్కడెవరూ నన్నడగలేదు.
దీపాల మనిషిని ఎవరడుగుతారు?

తర్వాత ఒక నర్సు. తర్వాత ఒక పాస్టరు.
తర్వాత, పోయినేడాది వచ్చిన ఆ తండ్రే.
అదే కోటు, జేబులో అదే కాగితం,
మడతల దగ్గర చిరిగి టేపు వేసి ఉంది.
పోయినేడాది ఏడ్చాడు. ఈసారి చదివాడు,
కరెంటు బిల్లు మీద ఫిర్యాదు చదివినట్టు.
అతని గొంతు ఎక్కడ అరిగిందో నాకు తెలుసు:
ఈ గదిలోనే, రెండేసి నిమిషాల చొప్పున.

వెనక వరసలోంచి ఎవరో అరిచారు,
"ఇంకెన్నిసార్లు చెప్పాలయ్యా మీకు!"
ఛైర్మన్ ట్రాన్‌బర్గ్ సుత్తి కొట్టాడు.
ఆ చప్పుడికి
సగం గది ఉలిక్కిపడి కిందికి వంగింది.
"క్షమించండి" అన్నాడాయన. ఆ తర్వాత
వేలి కణుపుతోనే బల్ల తట్టాడు, రోజంతా.

నలభై మూడో పేరు రోజలిన్ క్వేడ్,
బడిలో భోజనాల లెక్కలు రాసే మనిషి.
మైకు అందక మునివేళ్ల మీద నిలబడి
"నాకు అభిప్రాయమేం లేదండీ, ఒక లెక్క తేలట్లేదు" అంది.
"మూడో తరగతి వెండెల్ ఖాతాలో
మూడు డాలర్ల నలభై సెంట్లు మిగిలాయి.
ప్రతి ఒకటో తారీఖునా కంప్యూటరు దానంతటదే
వాళ్లింటికి ఉత్తరం పంపుతోంది:
మీ అబ్బాయి డబ్బు అయిపోవస్తోంది, దయచేసి నింపండి.
ఆపాలంటే కారణం ఎంచుకోమంటుంది.
బడి మారాడు. ఊరు మారారు.
ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుంటున్నాడు.
ఉన్నవి ఆ మూడే."

పసుపు వెలిగించాను.

"మొదటిది నొక్కి చూశాను.
ఏ బడికి? అని అడిగింది."

రెండు నిమిషాలూ అయ్యాయి. నా వేలు మీట మీదే ఉంది.
ఆమె సంచీలోంచి కవరు తీసి
బల్ల మీద లెక్కపెట్టడం మొదలెట్టింది:
డాలరు, డాలరు, డాలరు,
పాతిక సెంట్లు, పది, ఐదు.
"ఇది ఎవరికివ్వాలో చెప్పండి, వెళ్లిపోతాను."

పదకొండు సెకన్లు.
పంతొమ్మిదేళ్లలో నేను చేసిన తిరుగుబాటు అంతే.
ట్రాన్‌బర్గ్ నా వైపు చూశాడు.
ఎర్రది నొక్కాను.

ఏడుగురు వద్దన్నారు, ఆరుగురు కావాలన్నారు.
ఆ చిల్లర ఎవరూ ముట్టుకోలేదు.
తర్వాతి బిల్లు, రాష్ట్రానికి అధికారిక చేప ఏదని.
క్యాట్‌ఫిష్ తరఫున పదహారు మంది వచ్చారు, మహా ఉత్సాహంగా.
మొదటాయన మోచెయ్యి తగిలి ఐదు సెంట్ల నాణెం
దొర్లుకుంటూ నా కుర్చీ కిందికొచ్చింది.
తీసి జేబులో వేసుకున్నాను.
పచ్చ దీపం వేశాను.

మా దారిలో ఇనుప సామాన్ల కొట్టు ఆరింటికి మూస్తారు.
గోడ గడియారం చూసుకునే బయల్దేరాను.
అద్దాల వెనక రకరకాల తాళాలు,
చిన్నవీ పెద్దవీ, వరసగా వేలాడుతున్నాయి.
తలుపు మీద బోర్డు తిప్పేసి ఉంది.
ఆరూ నాలుగు.